కీ వాచీ, దాని పనివాడు

బ్యాటరీ లేకుండా, చుట్టిన ఉక్కు స్ప్రింగు విప్పుకునే బలంతో నడిచేది యాంత్రిక గడియారం. తెలుగు ఊళ్లలో దీన్ని కీ వాచీ అంటారు. రోజూ పొద్దున్నే కీ ఇస్తే మర్నాటిదాకా నడుస్తుంది. చెయ్యి కదలికతో తనంతట తానే కీ చుట్టుకునే రకాన్ని ఆటోమేటిక్ అంటారు. ఈ యంత్రాన్ని తయారు చేసేవాళ్లూ ఉన్నారు, బతికించేవాళ్లూ ఉన్నారు. స్విట్జర్లాండ్‌లో, ఇంగ్లండ్‌లో సొంత పేరు మీద ఏడాదికి కొద్ది వాచీలు మాత్రమే చేసే స్వతంత్ర కళాకారుల గురించి ప్రపంచమంతా రాస్తుంది. తెలుగు నేల మీద ఈ విద్య బతికిన చోటు మరమ్మతు బల్ల. ఇంటి అరుగు మీదో, బస్టాండు పక్క సందులోనో ఒక గాజు పెట్టె, దాని వెనక కంటికి భూతద్దం బిగించుకుని తల వంచి కూర్చున్న మనిషి. అతన్ని వాచీ మెకానిక్ అనో, వాచీల ఆయన అనో పిలిచి ఊరుకున్నాం. అతను చేసే పనిలో గడియార విద్య చాలా మటుకు ఉంది. ఆ సంగతి ఒప్పుకోకుండా ఈ చరిత్ర రాయడం కుదరదు.

చోడవరం అలాంటి మనుషులకు అన్నం పెట్టిన ఊళ్లలో ఒకటి. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా ఇది విశాఖపట్నం జిల్లాలోది. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి, చుట్టూ చెరకు తోటలు, పక్కనే గోవాడ సహకార చక్కెర కర్మాగారం. వ్యవసాయం మీద బతికే ఊరికి పొద్దు చాలు. షిఫ్టులు, బస్సులు, బడిగంటలు, ప్రభుత్వ కచేరీలు వచ్చాక నిమిషాలు కావలసి వచ్చాయి. నిమిషాలు కావలసిన ప్రతి చోటా వాచీ బాగుచేసే మనిషి పుట్టాడు.

సరైన సమయం ఈ తీరానికి వచ్చిన దారి

వాచీకి ముందు ఘటికా యంత్రం ఉండేది. అడుగున సన్నటి బెజ్జం ఉన్న రాగి గిన్నెను నీళ్ల మీద వదిలితే అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు. పెళ్లి ముహూర్తాలు ఈ లెక్కతోనే నడిచేవి. దాని మీద ఆధారపడిన పంచాంగాలను ఇవాళ కూడా వాచీ చూసుకుంటూ చదువుతున్నాం.

ఆధునిక గడియార సమయం విషయంలో ఉత్తరాంధ్రకు గొప్ప చరిత్రే ఉంది. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర గణితం, ఖగోళం చదువుకున్న గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖపట్నంలోని తన డాబా తోటలో సొంత వేధశాల కట్టుకున్నాడు. నక్షత్రాలను చూసి లెక్కగట్టిన సమయాన్ని తన దగ్గరే దాచుకోలేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండాకొయ్య నిలబెట్టి ఊరికీ ఓడలకూ ఉదయం 9 గంటలు ఎప్పుడయిందో తెలిసేలా ఏర్పాటు చేశాడు. ఓడ నడిపేవాడికి ఇది వినోదం కాదు, ప్రాణావసరం. సముద్రం మీద రేఖాంశం తేల్చాలంటే దగ్గర నమ్మకమైన గడియారం ఉండాలి, రేవుకు వచ్చినప్పుడల్లా దాన్ని సరిచూసుకోవాలి. జగ్గారావు 1856లో చనిపోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ వేధశాలను కొనసాగించి, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని గమనించి నమోదు చేశాడు. ఒక జమీందారీ కుటుంబం సొంత ఖర్చుతో ఊరికి సమయాన్ని పంచిన ఉదంతాలు దేశంలో చాలా తక్కువ. మన పాఠ్యపుస్తకాల్లో దీనికి చోటు దొరకాలి.

అప్పట్లో ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. రైళ్లు మాత్రం మద్రాసు సమయం పాటించేవి. చోడవరం మద్రాసుకు తూర్పున ఉంది కనుక ఇక్కడి సూర్యుడు మద్రాసు గడియారం కన్నా దాదాపు 11 నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు. 1906 జనవరి 1 నుంచి దేశానికి ప్రామాణిక సమయం అమల్లోకి వచ్చింది. దానికి ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం కాకినాడ దాటాక తుని ప్రాంతం మీదుగా పోతుంది. అందుకే భారత ప్రామాణిక సమయానికీ చోడవరం సొంత సగటు సమయానికీ తేడా రెండు నిమిషాల లోపే. దేశం మొత్తం మీద వాచీ సమయమూ సూర్యుడి సమయమూ ఇంత దగ్గరగా నడిచే ప్రాంతాలు కొన్నే ఉన్నాయి.

చేతివాచీ అందరికీ అందకముందు ఊరుమ్మడి గడియారాలు ఉండేవి. విజయనగరం గంటస్తంభం, 1889లో చార్మినార్‌కు అమర్చిన నాలుగు గడియారాలు, హైదరాబాదు మహబూబ్ చౌక్ గడియార స్తంభం ఆ కోవలోవి. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ ఒక చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ముందు పిల్లలు ఇప్పటికీ బారులు తీరి కూర్చుంటారు. అందులో కనిపించేది బొమ్మ. దాన్ని సరైన క్షణానికి బయటికి పంపేది చేతివాచీలో ఉన్న సూత్రమే.

లోపల జరిగేది

స్ప్రింగులో దాచిన బలం ఒక్కసారిగా విప్పుకుంటే ముళ్లు గిర్రున తిరిగి క్షణాల్లో ఆగిపోతాయి. చెరువు నీటిని తూము కొలిచి వదిలినట్టు ఆ బలాన్ని కొంచెం కొంచెంగా వదలాలి. గడియార విద్య అంతా ఆ వదలడంలోనే ఉంది.

మెయిన్ స్ప్రింగు బ్యారల్ అనే చిన్న డబ్బాలో చుట్టుకుని ఉంటుంది. బ్యారల్ పళ్లు మధ్య చక్రాన్ని తిప్పుతాయి, అది మూడో చక్రాన్ని, మూడోది నాలుగో చక్రాన్ని, నాలుగోది ఎస్కేప్ వీల్‌ను తిప్పుతాయి. మధ్య చక్రం గంటకు ఒక చుట్టు తిరుగుతుంది, అది నిమిషాల ముల్లును తిప్పుతుంది. నాలుగో చక్రం నిమిషానికి ఒక చుట్టు, అది సెకన్ల ముల్లును తిప్పుతుంది. ఎస్కేప్ వీల్‌కు మామూలుగా 15 పళ్లుంటాయి. వాటిని ప్యాలెట్ అనే రెండు కొమ్ముల పంగ ఒక్కో పన్నుగా ఆపుతుంది, వదులుతుంది. ఆ పంగను నడిపించేది బ్యాలెన్స్ వీల్. వెంట్రుకంత సన్నటి హెయిర్ స్ప్రింగు దాన్ని అటూ ఇటూ ఊపుతుంది. టిక్ టిక్ అని వినిపించేది పన్ను వచ్చి ప్యాలెట్ రాతికి తగిలే చప్పుడు.

మన ఇళ్లలో తిరిగిన హెచ్‌ఎంటీ కీ వాచీ గంటకు 18,000 దెబ్బలు కొడుతుంది. సెకనుకు 5, రోజుకు 4,32,000. రోజుకు పది సెకన్ల తేడాతో నడిచిందంటే దాని తప్పు పదివేల వంతుల్లో ఒక వంతుకు కాస్త ఎక్కువ. బియ్యపు గింజంత కూడా లేని భాగాలతో, నూనె చుక్కతో, మనిషి చేతి మీద ఎగిరి దూకుతూ ఈ లెక్క నిలబెట్టుకుంటుంది. మనిషి చేతుల్తో చేసిన యంత్రాల్లో ఇంతకన్నా గౌరవించదగ్గవి ఎన్నో లేవని ఈ వ్యాసకర్త నమ్మకం.

డయల్ మీద 17 జ్యూయెల్స్ అని రాసి ఉంటే అవి నగల్లో పొదిగే రాళ్లని చాలామంది అనుకునేవారు. అవి కృత్రిమ కెంపులు. 1902లో ఫ్రాన్సులో వెర్నూయి అనే శాస్త్రవేత్త కెంపును కొలిమిలో తయారు చేసే పద్ధతి ప్రకటించాక చౌక వాచీలకు కూడా అందాయి. ఉక్కు ఇరుసు ఇత్తడి బెజ్జంలో తిరిగితే బెజ్జం కోడిగుడ్డు ఆకారంలో అరిగిపోతుంది. కెంపు అరగదు. ఆ పదిహేడింటి లెక్క ఇది. బ్యాలెన్స్ ఇరుసు రెండు కొనలకూ బెజ్జం రాళ్లు రెండు, వాటి మీద మూత రాళ్లు రెండు, బ్యాలెన్స్ కింద ప్యాలెట్‌ను తట్టే రాయి ఒకటి, ప్యాలెట్ కొమ్ములకు రెండు, ప్యాలెట్ ఇరుసుకు రెండు, ఎస్కేప్ వీల్, నాలుగో చక్రం, మూడో చక్రం, మధ్య చక్రం ఒక్కోదానికి రెండేసి. ఇంతకు మించి రాళ్లున్న మామూలు కీ వాచీలో ఆ పైవి సమయానికి తోడ్పడేది స్వల్పం.

హెయిర్ స్ప్రింగుకు ముగ్గురు శత్రువులు. మొదటిది వేడి. మామూలు ఉక్కు స్ప్రింగు ఎండకు మెత్తబడి వాచీని వెనకబెడుతుంది. వేడికి గుణం మారని నికెల్ ఉక్కు మిశ్రమాలు కనిపెట్టినందుకు షార్ల్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. మే నెల ఎండలో చోడవరంలో కీ వాచీ టైము తప్పకుండా నడుస్తోందంటే ఆ పరిశోధన పుణ్యమే. రెండోది అయస్కాంతం. స్పీకరు దగ్గర పెట్టినా, అయస్కాంతం ఉన్న ఫోను కవరు తగిలినా స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, వాచీ రోజుకు నిమిషాల తరబడి ముందుకు పరిగెడుతుంది. మూడోది మనిషి చెయ్యి. పట్టకారు ఒక్కసారి జారితే ఆ చుట్లను తిరిగి ఒకే మట్టానికి తేవడం అందరి వల్లా అయ్యే పని కాదు.

బల్ల మీద పని

నడవని వాచీని తెచ్చి, కాస్త నూనె వేస్తే చాలు కదా బాబూ అంటారు. ఆ మాటతో ఏకీభవించిన మెకానిక్‌ను నమ్మకూడదు. ఎండి జిగురుగా మారిన పాత నూనె మీద కొత్త నూనె వేస్తే దుమ్ము ఇంకా పట్టుకుని ఇరుసులను సాన పెట్టినట్టు అరగదీస్తుంది. మొత్తం విప్పాలి, కడగాలి, తిరిగి బిగించాలి, ఆ తర్వాతే నూనె.

మంచి పనివాడు వెనక మూత తీసి ముందు చూస్తాడు, ముట్టుకోడు. బ్యాలెన్స్ ఎంత ఊపుతో తిరుగుతోంది, తుప్పు ఎక్కడుంది, మునుపు ఎవరి స్క్రూడ్రైవర్ జారి గీత పడింది. పూర్తి కీ ఉన్న ఆరోగ్యమైన వాచీలో బ్యాలెన్స్ అటు 270 డిగ్రీలు, ఇటు 270 డిగ్రీలు లేదా ఇంకొంచెం ఎక్కువ తిరగాలి. 200 దిగిందంటే సర్వీసింగ్‌కు వచ్చినట్టే. ఈ లెక్క చెప్పే టైమ్‌గ్రాఫర్ యంత్రం చిన్న ఊళ్లలో ఒకప్పుడు ఉండేది కాదు. చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు విని, కంటితో ఊపు చూసి చెప్పేవాళ్లు. దెబ్బ దెబ్బకూ మధ్య ఎడం సమంగా ఉందో లేదో చెవితో పట్టగలగడం ఏళ్ల తరబడి కూర్చుంటేనే వస్తుంది.

విప్పేటప్పుడు మొదట స్ప్రింగులో మిగిలిన కీని జాగ్రత్తగా వదలాలి. ఇది మరిచి ప్యాలెట్ తీస్తే చక్రాలు ఒక్కసారిగా తిరిగి ఇరుసులు విరుగుతాయి. తర్వాత బ్యాలెన్స్, ప్యాలెట్, చక్రాల మీది వంతెన, చక్రాలు, బ్యారల్. స్క్రూలు చూడటానికి ఒకేలా ఉన్నా పొడవులు వేరు. ఒకదాని చోట ఒకటి పెడితే కొన వెళ్లి చక్రానికి తగులుతుంది. విప్పినవాటి మీద ఈగ వాలకుండా, ఫ్యాను గాలికి ఎగరకుండా గాజు మూత బోర్లిస్తారు. మన ఊళ్లలో కడిగేది ఎక్కువగా పెట్రోలుతోనే. బెజ్జం రాళ్లను సన్నగా చెక్కిన పుల్ల కొనతో, పుల్ల శుభ్రంగా బయటికి వచ్చేదాకా తుడవాలి. విప్పకుండా యంత్రాన్ని మొత్తంగా పెట్రోలులో ముంచి తీసే వాళ్లున్నారు. వాచీ రెండు నెలలు నడిచి మళ్లీ ఆగుతుంది. ఈ వృత్తికి చెడ్డపేరు తెచ్చింది బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ కన్నా ముందు ఆ ముంచుడు పనే.

నూనె వెయ్యడం వేరే విద్య. మెల్లగా బరువు మోసే బ్యారల్‌కు చిక్కటి నూనె, వేగంగా తిరిగే బ్యాలెన్స్‌కు పలచటిది. సూది కొనతో అందుకున్న చుక్క రాతి గుంటలో నిలబడాలి, అంచు దాటితే పారిపోయి ఇరుసు ఎండిపోతుంది. ప్యాలెట్ ఇరుసుకు అసలు వెయ్యకూడదు. ఆ చిన్న కదలికకు నూనె జిగురే బరువు.

అన్నిటికన్నా కష్టమైనది విరిగిన బ్యాలెన్స్ ఇరుసు మార్చడం. దాని కొన మిల్లీమీటరులో పదో వంతు మందం. దెబ్బను తట్టుకునే స్ప్రింగు లేని పాత వాచీ నేల మీద పడితే మొదట విరిగేది అదే. ఉక్కు కడ్డీని చిన్న లేతు మీద కోసి, గట్టిపరిచి, మెరుగు పెట్టి కొత్త ఇరుసు చేసిన పనివాళ్లు ఒకప్పుడు పెద్ద ఊళ్లలో ఉండేవారు. అలా చేయగలిగినవాడికీ, జెనీవాలో వాచీ తయారుచేసేవాడికీ ఈ ఒక్క పనిలో తేడా లేదు.

బిగించాక కొన్ని రోజులు పరీక్ష. డయల్ పైకి పెట్టి ఒక రాత్రి, నిలువుగా వేలాడదీసి ఒక రాత్రి. భూమి లాగుడు బ్యాలెన్స్ బరువు మీద ఒక్కో భంగిమలో ఒక్కోలా పనిచేస్తుంది కనుక రెండింటికీ మధ్యస్థంగా సర్దాలి. రేడియో వార్తల టైముతో పోల్చి చూడటం మొన్నమొన్నటిదాకా అందరూ చేసిన పని.

సముద్రపు గాలి తగిలే ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా బాధపెట్టేది చెమ్మ. వర్షాకాలంలోనూ, చెమటలోనూ తడి కీ గొట్టం గుండా లోపలికి పోతుంది. మొదట కీ కాడ తుప్పు పడుతుంది, తర్వాత టైము మార్చే చిన్న లివరు, ఆ తర్వాత డయల్ మీద మచ్చలు. అద్దం లోపల ఆవిరి కనిపించిన రోజే తెచ్చి విప్పించుకుంటే యంత్రం బతుకుతుంది. ఎండలో పెడితే ఆరిపోతుందనుకునేవారు కోల్పోయిన వాచీలు లెక్కలేనన్ని.

చేతులు మారిన వాచీలు

స్విస్ వాచీలు మన దేశానికి 19వ శతాబ్దంలోనే వచ్చాయి. ఫావ్రె ల్యూబా 1865 నుంచి ఇక్కడ అమ్మకాలు సాగించింది. బొంబాయి మార్కెట్టును నమ్ముకుని వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ 1886లో పుట్టింది. మామూలు గృహస్థుకు వాచీ అందింది మాత్రం హెచ్‌ఎంటీతో. జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో బెంగుళూరులో మొదలైన కర్మాగారపు తొలి వాచీలను 1961లో జవహర్‌లాల్ నెహ్రూ విడుదల చేశారు. జనతా, పైలట్, సోనా, కోహినూర్, జవాన్, ఆటోమేటిక్‌లలో కాంచన్. పెళ్లికొడుక్కి సైకిలుతో, రేడియోతో పాటు వాచీ పెట్టడం తెలుగు ఇళ్లలో ఆనవాయితీ అయింది. చూపు లేనివారి కోసం బ్రెయిలీ వాచీని కూడా అదే సంస్థ చేసింది.

తెలుగువాళ్ల సొంత వాచీ ఆల్విన్. నిజాం రాజ్యంలో 1942లో మొదలై తర్వాత రాష్ట్ర ప్రభుత్వ సంస్థగా ఎదిగిన హైదరాబాద్ ఆల్విన్ 1980లలో జపాన్ సైకో సహకారంతో వాచీలు తయారు చేసి, ట్రెండీ పేరుతో అమ్మింది. రిఫ్రిజిరేటర్లకూ బస్సు బాడీలకూ పేరున్న సంస్థ వాచీల్లోనూ నిలబడగలిగేదే. 1990లలో కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి ఆ విభాగం మూతపడటం తెలుగు పరిశ్రమకు జరిగిన పెద్ద నష్టం. తెలుగు రాష్ట్రాల్లో చేతివాచీ పరిశ్రమను ఆ స్థాయిలో మళ్లీ ఎవరూ పెట్టలేదు.

1969 డిసెంబరు 25న సైకో ఆస్ట్రాన్ అనే తొలి క్వార్ట్జ్ చేతివాచీని అమ్మకానికి పెట్టింది. సెకనుకు వేల సార్లు కంపించే స్ఫటికం ముందు 5 దెబ్బల బ్యాలెన్స్ నిలవలేకపోయింది. 1970లో స్విస్ వాచీ పరిశ్రమలో దాదాపు 90,000 మంది ఉంటే 1980ల నడిమికి 30,000 మిగిలారు. మన దగ్గర ఆ దెబ్బ టైటాన్ రూపంలో 1987 తర్వాత తగిలింది. హెచ్‌ఎంటీ కీ వాచీలనే నమ్ముకుని ఆలస్యం చేసింది. 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచెస్‌ను మూసేయాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది.

ఒంటిచేతి తయారీదారులు

క్వార్ట్జ్ దెబ్బకు అందరూ కీ వాచీ కథ ముగిసిందనుకున్న రోజుల్లోనే కొందరు ఎదురు నడిచారు. ఇంగ్లండ్‌లో జార్జ్ డేనియల్స్ (1926–2011) కేసు, చక్రాలు, డయల్, ముళ్లు అన్నీ ఒక్కడే చేస్తూ జీవితమంతా కలిపి కొన్ని పదుల వాచీలు మాత్రమే చేశాడు. ఆయన కూడా పాత గడియారాల మరమ్మతుతోనే మొదలయ్యాడు. రాపిడి తగ్గించి నూనె అవసరాన్ని తేలిక చేసే కో ఏక్సియల్ ఎస్కేప్‌మెంట్‌ను (ఎస్కేప్ వీల్, ప్యాలెట్‌ల కొత్త అమరికను) 1970లలో కనిపెట్టి, పెద్ద కంపెనీలను ఒప్పించడానికి ఇరవై ఏళ్లకు పైగా తిరిగాడు. 1999లో ఒమేగా దాన్ని తీసుకుంది. రోజర్ స్మిత్ అనే కుర్రాడు డేనియల్స్ పుస్తకం చదివి సొంతంగా ఒక జేబు గడియారం చేసి చూపిస్తే, మళ్లీ మొదటి నుంచి చెయ్యమని ఆయన పంపేశాడు. రెండోది పూర్తి చేయడానికి ఐదేళ్లు పట్టింది. అది చూశాక గాని శిష్యుడిగా ఒప్పుకోలేదు. స్విట్జర్లాండ్‌లో ఫిలిప్ డ్యుఫూర్ 2000లో తెచ్చిన సింప్లిసిటీ అనే వాచీలో గంట, నిమిషం, సెకను తప్ప ఏమీ లేదు. లోపలి అంచుల మెరుగు కోసమే ప్రపంచం దాన్ని పొగుడుతుంది. ఇలాంటివాళ్లు 1985లో ఒక సంఘంగా కూడారు. 2020లో స్విట్జర్లాండ్, ఫ్రాన్సుల యాంత్రిక గడియార విద్యను యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

మన దేశంలో ఇటీవలి చిన్న సంస్థలు కొన్ని ఉన్నాయి. పాత నాణేలను డయల్‌గా వాడే జైపూర్ వాచ్ కంపెనీ 2013లో, బెంగుళూరు వాచ్ కంపెనీ 2018లో మొదలయ్యాయి. రూపకల్పన ఇక్కడిది, లోపలి యంత్రాలు ఎక్కువగా బయటి దేశాలవి. హెయిర్ స్ప్రింగు తీగ లాగే లోహశాస్త్రమూ, వాచీ స్థాయి లేతు పనీ నేర్పే బడులూ లేకుండా ఇక్కడ పూర్తి వాచీ పుట్టడం కష్టం.

ఇప్పటి బల్ల

చోడవరం లాంటి ఊళ్లలో వాచీ దుకాణం ఆదాయం చాలాకాలంగా బ్యాటరీలు, పట్టీలు, గోడ గడియారాల మీదే. టైము ఫోనులో ఉంది. కొడుకును ఈ బల్ల దగ్గర కూర్చోబెట్టే తండ్రులు తగ్గారు. ఈ విద్య పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. గురువు పక్కన కూర్చుని ముందు గోడ గడియారాలు విప్పుతూ, తర్వాత పాడైన వాచీలు, చివరికి నడిచే వాచీలు ముట్టుకుంటూ నేర్చుకోవలసిందే. ఒక తరం తెగితే మళ్లీ అతుక్కోదు. అలా తెగకముందే పాలిటెక్నిక్‌లలోనో ఐటీఐలలోనో పనివాళ్లను పిలిచి నేర్పించడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు.

మరోవైపు పాత హెచ్‌ఎంటీల మీద కుర్రాళ్లకు మక్కువ పెరిగింది. తాతగారి జనతాను బాగుచేయించుకోవాలని వచ్చేవాళ్లు ఉన్నారు. ఈ గిరాకీతో పాటు మోసం కూడా వచ్చింది. పాత యంత్రానికి రంగురంగుల కొత్త డయల్ అచ్చువేసి, నాలుగు వాచీల ముక్కలు కలిపి, అరుదైన హెచ్‌ఎంటీ అని ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు. అచ్చు అక్షరాల అంచులు మొద్దుగా ఉండటం, నిమిషాల గీతలకు ముల్లు సూటిగా రాకపోవడం, లోపల వంతెనల మీద స్క్రూ గీతలు చూసి అనుభవమున్న మెకానిక్ క్షణంలో పట్టేస్తాడు. ఇంట్లో ఉన్న వాచీ డయల్ ఎంత మాసినా మళ్లీ అచ్చు వేయించకూడదు. మచ్చ తుడిచేస్తే చరిత్రా పోతుంది, విలువా పోతుంది.

విడిభాగాల విషయంలో ఒక మేలు ఉంది. హెచ్‌ఎంటీ పురుషుల కీ వాచీలు చాలావాటిలో ఉన్నది ఒకే కుటుంబపు యంత్రం. 17 రాళ్ల 0231 అనే ఆ యంత్రపు చక్రం ఒక జనతాలోంచి తీసి పైలట్‌లో పెడితే సరిపోతుంది. కొత్త భాగాల సరఫరా ఆగిపోయాక దేశమంతటా మరమ్మతులు ఈ పద్ధతి మీదే నడుస్తున్నాయి. ప్రతి పాత దుకాణంలోనూ చచ్చిన వాచీల డబ్బా ఒకటి ఉంటుంది. దుకాణం మూసేటప్పుడు ఆ డబ్బాను పాత ఇనుము వాడికి తూకానికి వేయకుండా ఇంకో పనివాడికి అందించగలిగితే, అందులోని బ్యాలెన్స్‌లు, ప్యాలెట్లు ఇంకెన్నో వాచీలను నడిపిస్తాయి.